పాత దెబ్బ, కొత్త మందు

ఖైరతాబాద్ సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడినప్పుడు ముందున్న బళ్ల నంబర్ ప్లేట్లు చదివినవారికి ఈ రాష్ట్ర చరిత్ర వేరే చెప్పనక్కరలేదు. ఒక ముసలి స్కూటరు మీద ఏపీ 09 ఉంటుంది, దాని పక్కనున్న కారు మీద 2014లో వచ్చిన టీఎస్ 09 ఉంటుంది, ఆ రెండింటి మధ్య నుంచి దూరబోయే కొత్త బండి మీద 2024 మార్చి నుంచి ఇస్తున్న టీజీ 09 ఉంటుంది. మూడూ ఒకే గుంతలో పడి లేచి పోతున్నాయి తప్ప, అక్షరాలు పాతబడ్డాయి గనుక బండి దిగమని ఎవరూ ఎవరినీ అనడం లేదు. ఇంతటి సహనం గల నగరంలో, నల్లకుంటలోని ఒక మేడమీద గదిలో, ప్రతి ఆదివారం మధ్యాహ్నం, పాత్రలు వేసి పాచికలతో ఆడే ఒక ఆటలో, దైవబలం గల యోధుడైన నా పాలడిన్‌కు జరుగుతున్న అన్యాయాన్ని పాఠకులకు విన్నవించుకోవలసి రావడం విచారకరం.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో తెచ్చిన ఆ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నియమాల పుస్తకం ఇప్పటికి చాలాసార్లు చొక్కా మార్చింది. 1989 నాటి రెండో ఎడిషన్‌లో కవచం అంకె తగ్గేకొద్దీ రక్షణ పెరిగేది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఆ లెక్కను తలకిందులు చేసింది. (ఆ రెండింటినీ కలిపి ఆడితే ఒంటిమీద కవచం లేనివాడే అందరికన్నా దుర్భేద్యుడవుతాడు. ఆ రోజుల్లో నేను ఆడలేకపోయానే అన్న దిగులు నాకు నేటికీ ఉంది.) అయిదో ఎడిషన్ 2014లో వచ్చింది, దాన్ని సవరించిన పుస్తకం 2024లో వచ్చింది. మన నంబర్ ప్లేట్ల సంవత్సరాలూ ఇవే కావడం కాకతాళీయమని నేను నమ్మను. పాతది కొత్తదానితో కలిసి నడుస్తుందని ప్రచురణకర్తలే సెలవిచ్చారు. నేను వారి మాటను శిరసావహించాను, అంతే.

నా పాలడిన్ పుట్టింది 2019లో గనుక అతడు పాత పుస్తకం బిడ్డ. ఆ పుస్తకం ప్రకారం అతని కత్తి తగిలిన ప్రతిసారీ, మంత్రశక్తి మిగిలి ఉన్నంతవరకూ, స్మైట్ చేయవచ్చు, అంటే ఆ శక్తిని ఖర్చుపెట్టి దెబ్బకు దైవబలం జోడించవచ్చు. ఒకే వంతులో రెండు దెబ్బలు తగిలితే రెండుసార్లూ చేయవచ్చు. కొత్త పుస్తకం దాన్ని మంత్రంగా మార్చి, బోనస్ యాక్షన్ (వంతులో అసలు పని, అంటే యాక్షన్, కాక దొరికే ఒక్క చిన్న పని) ఖర్చు పెట్టించి, వంతుకు ఒక్కసారికే కుదించింది. ఇది జన్మహక్కును హరించడమే కనుక నేను ఒప్పుకోలేదు. అయితే అతనికి తగిలే గాయాలు మాత్రం నిన్నా మొన్నటివి. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతి, తర్వాత జరిగినదానికి భారతీయ న్యాయ సంహిత వర్తిస్తాయని నాంపల్లి కోర్టు దగ్గర ఏ గుమాస్తాను అడిగినా చెబుతాడు. ఆ లెక్కన గాయం తాజాది గనుక వైద్యమూ తాజాదే కావాలి. పాలడిన్ చేయి వేసి గాయం మాన్పాలంటే పాత పుస్తకంలో పూర్తి యాక్షన్ పోయేది, కొత్తదానిలో బోనస్ యాక్షన్ చాలు. సీసాలో మందు తాగడానికీ అంతే. కొత్త పుస్తకం రాసినవారు స్మైట్‌కూ చేతివైద్యానికీ ఒకే బోనస్ యాక్షన్ దగ్గర తగవు పెట్టారు. నేను ఆ రెండింటి చేత వేరు కాపురం పెట్టించి తగవు తీర్చాను.

అలసట విషయంలో నా వైఖరి మరింత సూత్రబద్ధమైనది. పాత పద్ధతిలో మొదటి మెట్టు అలసట కత్తివేటుకు అడ్డురాదు, గోడలెక్కడం వంటి పనులకే ఇబ్బంది పెడుతుంది. కొత్త పద్ధతిలో మొదటి మెట్టు నుంచే ఇరవై ముఖాల పాచిక వేసిన ప్రతిసారీ రెండు కోత పడుతుంది. అందుచేత మొదటి మెట్టున నేను సంప్రదాయవాదిని. అయిదో మెట్టున పాత పుస్తకం కాళ్లు పూర్తిగా కట్టేస్తుంది, కొత్తది ముప్పై అడుగుల నడకలో అయిదడుగులైనా మిగులుస్తుంది. అక్కడ నేను అభ్యుదయవాదిని. ఆరో మెట్టున రెండు పుస్తకాలూ చావే అంటున్నందువల్ల నాకు అభిప్రాయం లేదు. పండుగ ఏ రోజో తేలనప్పుడు రెండు పంచాంగాలూ తిరగేసి ఆఫీసుకు సెలవున్న రోజునే శాస్త్రసమ్మతమని తేల్చే ఇంట్లో పెరిగినవాణ్ణి, నాకిది కొత్త విద్య కాదు.

ఆట నడిపే మా డంజన్ మాస్టర్ కొండాపూర్‌లో ఉద్యోగం చేసే కుర్రవాడు, మర్యాదస్తుడు. "అన్నా, ఏదో ఒక పుస్తకం పట్టుకుందాం" అని నెల రోజులుగా బతిమాలుతున్నాడు. నేను ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటూ, రెండు పుస్తకాలూ డబ్బు పోసి కొన్నవే కదా తమ్ముడూ అని ప్రతిసారీ నచ్చజెబుతున్నాను. మొన్న ఆదివారం అతడు హఠాత్తుగా, "సరే అన్నా, రెండూ చెల్లుతాయి" అన్నాడు. ఆ ప్రశాంతతను నేను అప్పుడే అనుమానించవలసింది.

అడవి దారిలో మూడు తోడేళ్లు మాటువేశాయి. ఆదమరచి చిక్కినవాడు కొత్త పుస్తకంలోనైతే ఎవరి వంతు ముందో తేల్చే పాచిక దగ్గర కొంత నష్టపోతాడు, అంతే. పాతదానిలో మొదటి వంతంతా కదలకుండా నిలబడాలి. మాటు పాత పుస్తకంలోది అన్నాడు. పాత తోడేలు కరిస్తే పడిపోకుండా బలం కొద్దీ నిలదొక్కుకోవడానికి ఒక పాచిక అవకాశం ఉంటుంది. కొత్త తోడేలు కరిస్తే, మనిషి పరిమాణంలో ఉన్నవాడు ఎవడైనా నేరుగా నేలమీదికే. తోడేళ్లు కొత్త పుస్తకంలోవి అన్నాడు. నా పాలడిన్ స్మైట్ అన్న మాట కూడా అనకముందే బోర్లాపడ్డాడు. ఇలా ఎవరికి అనుకూలమైన నియమాన్ని వారు ఏరుకుంటూ పోతే ఆటకు అర్థమేమి మిగులుతుందని నేను అందరి ముందూ నిలదీశాను. నిబంధనల పవిత్రత గురించి పది నిమిషాలు మాట్లాడి, కనీసం ఆ తోడేళ్లు ఏ సంవత్సరంలో పుట్టాయో చెప్పమన్నాను.

"వాటికింకా టీఆర్ నంబరే అన్నా" అని అతడు పాచికలు నా వైపు జరిపాడు.