మట్టిలో కప్పెట్టేదానికి చదువెందుకు?

హనుమకొండలో గానీ, కరీంనగర్ పక్క పల్లెల్లో గానీ ఇల్లు కట్టే పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది. గేటు డిజైను కోసం ఇంటిల్లిపాదీ వారం రోజులు ఫోన్లు చూస్తారు. వంటింటి గ్రానైటుకు మూడు దుకాణాలు తిరుగుతారు. సెప్టిక్ ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి ఇంటాయన అడిగేది ఒక్కటే.

"వాయవ్యంలనే ఉన్నది గద మేస్త్రీ?"

"ఉన్నది సార్, ఫికర్ జెయ్యకుండ్రి."

అంతే. ఆ ట్యాంకుకు సంబంధించిన ఇంజినీరింగ్ మొత్తం ముగిసింది.

ఇంత చక్కగా నడుస్తున్న వ్యవహారంలో, ఈ పని నేర్చుకుని చేయాలనీ సుతారులకు శిక్షణ ఉండాలనీ కొందరు బయలుదేరారు. దీన్ని ఖండించక తప్పదు. పదిమంది చూసే గోడకు రసమట్టం పెట్టాలంటే అర్థముంది. రేపు మట్టి కప్పి పైన టైల్సు పరిచేదానికి చదువెందుకు?

పని నేర్చిన సుతారి వచ్చీ రాగానే "ఇంట్ల ఎంతమంది ఉంటరు?" అని అడుగుతాడు. జనాభా లెక్కలాయన కూడా పదేళ్లకోసారే అడిగే మాట. అడిగి ఊరుకోడు, సెప్టిక్ ట్యాంకుల కోసం రాసిన 1985 నాటి భారత ప్రమాణం, ఐఎస్ 2470, తీస్తాడు. ఐదుగురికి మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు నీటి లోతు, ఆపైన అడుగు ఖాళీ. పదిమందికి, రెండేళ్లకోసారి పూడిక తీయించే లెక్కన, రెండు మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు, 1.4 మీటర్ల నీటి లోతు. పొడవు వెడల్పుకు రెండింతలకు తగ్గొద్దంటాడు. వచ్చిన నీళ్లు కనీసం ఒక రోజు లోపల కదలకుండా ఉంటే గానీ బరువైంది అడుక్కి దిగదు, తేలికైంది పైకి తేలదు.

మన సంప్రదాయం ఇంతకంటే సులువు. "ఎన్ని రింగులు దింపమంటరు?" పది అంటే పది. మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న రింగులు పది దింపితే రెండు వేల లీటర్లు పట్టే నిలువు బావి తయారవుతుంది. అడుగున కాంక్రీటు ఉండదు. రింగుకూ రింగుకూ మధ్య సిమెంటు ఉండదు. గిలాబు సంగతి అడగనే వద్దు. దీనికి ట్యాంకు అని పేరు. (అడుగు లేకుండా కట్టే జంట గుంతల మరుగుదొడ్డి వేరే సంగతి. అక్కడ ఒక గుంత నిండితే రెండోదానికి మళ్లించి మొదటిదాన్ని మాగనిస్తారు. ఇక్కడ ఉన్నదే ఒకటి.)

ఈ బావి గొప్పతనం పదేళ్ల తర్వాత బయటపడుతుంది. పెళ్లిళ్లలో, దశదినకర్మల్లో మగవాళ్లు నలుగురు కూర్చున్నచోట ఎవరో ఒకరు అంటారు: "మా సెప్టిక్ ట్యాంకు కట్టి పదిహేనేండ్లాయె, ఇంతవరకు నిండలే." మిగతావాళ్ల మొహాల్లో అసూయ కనబడుతుంది. ఆ మేస్త్రి నంబరు అడిగి రాసుకుంటారు.

చెరువుల గడ్డ మీద పుట్టినవాళ్లం గదా, ఈ మాటను ఒకసారి చెరువుకు పెట్టి చూడండి. పదిహేను వానాకాలాలు పోయినా చెరువు నిండలేదంటే, మత్తడి ఒక్కసారి కూడా దుంకలేదంటే, మనం గండి ఎక్కడ పడిందో వెతుకుతాం. ట్యాంకు నిండలేదంటే దావత్ చేసుకుంటాం. సరిగ్గా కట్టిన ట్యాంకు మొదటి వారాల్లోనే నిండుతుంది, ఆ తర్వాత ఎప్పుడూ నిండే ఉంటుంది. ఇటు నుంచి చెంబెడు పోతే అటు నుంచి చెంబెడు మత్తడి దుంకాలి. అడుగున పూడిక, పైన తెట్టు, రెంటి మధ్య కాస్త తేరిన నీళ్లు. పూడికా తెట్టూ కలిసి సగం లోతుకు రాకముందే తీయించాలి. నిండని ట్యాంకులో ఇవేవీ జరగవు. అందులో పోసిందంతా పోసినట్టే నేలలోకి పోతోంది.

ఎటు పోతోందన్నది ముక్కున వేలేసుకునే లెక్క. నూటయాభై గజాల ప్లాటు అంటే ముప్పై అడుగుల వెడల్పు, నలభై అయిదు అడుగుల పొడవు. ట్యాంకు నీళ్లు ఇంకే సోక్‌పిట్ తాగునీటి బోరుకు పద్దెనిమిది మీటర్లు, అంటే అరవై అడుగుల దూరం ఉండాలని ప్రమాణం. ప్లాటును మూల నుంచి మూలకు కొలిచినా 54 అడుగులే వస్తాయి. ఇక మన వాస్తు బోరును ఈశాన్యంలో, ట్యాంకును వాయవ్యంలో పెట్టిస్తుంది. ఉత్తరం వైపు వెడల్పు ముప్పై అడుగులైతే రెండూ ఆ ముప్పై అడుగుల్లోనే ఎదురెదురుగా కూర్చుంటాయి. గోడకు అవతలే పక్కింటి ఈశాన్యం, అంటే వాళ్ల బోరు. ఇంత ఇరుకులో చేతిలో ఉన్నది ఒక్కటే, ట్యాంకు చుక్క కారకుండా కట్టుకోవడం. దాన్నే మనం వద్దనుకున్నాం.

'టీ' అనే మూడు నోళ్ల పైపు ముక్క గురించి కూడా చెప్పాలి, సుతారుల మీద జరుగుతున్న దౌర్జన్యాల్లో ఇదొకటి. నాలుగంగుళాల పైపును గోడలోంచి తోసి, లోపలి అంచుకు సమంగా కోసి, చుట్టూ సిమెంటు కొడితే పని కావడంలేదా? కాదట. పైపు చివర 'టీ' తగిలించి, దాని కింది కాలు నీళ్లలోకి అడుగు దిగేలా పెట్టాలట. దాంతో వచ్చే మలం తెట్టును చెదరగొట్టకుండా కిందికి జారుతుంది. బయటికి పోయే వైపు ఇంకో 'టీ', దాని కాలు తెట్టును దాటి నడిమి నీళ్లలోకి. పై నోరు మూయొద్దు, గ్యాసు అటే పోతుంది, అడ్డం పడితే కర్ర అటే దింపాలి. పోయే పైపు వచ్చే పైపుకన్నా రెండంగుళాలు కింద ఉండాలి. ఈ రెండంగుళాలు కంటితో చూసి పెడితే సగం ఇళ్లలో తిరగబడతాయి, కమోడ్‌లో నీళ్లు గుడగుడమంటాయి, దానికి యాసిడ్ పోస్తారు, లోపల పని చేసే సూక్ష్మజీవులు చస్తాయి. లెవల్ పైపులో చారెడు నీళ్లు పోస్తే తప్పే గోల. మరుగుదొడ్డి నుంచి ట్యాంకు దాకా పది అడుగులకు మూడంగుళాల వాటం కూడా ఆ లెవల్ పైపే చెబుతుంది.

రెండో 'టీ' లేకపోతే తెట్టు నేరుగా సోక్‌పిట్‌లోకి పోయి, మట్టి రంధ్రాలకు జిగురులా పట్టుకుంటుంది. అప్పుడు సోక్‌పిట్ కూడా నిండుతుంది. అసలు ఆ నేల నీళ్లు తాగుతుందో లేదో ముందు చూసినవాళ్లెవరు? గుంత తవ్వి, రాత్రంతా నీళ్లతో నాననిచ్చి, తెల్లారి అంగుళం నీళ్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడాలి. అరగంట లోపు దిగితే సోక్‌పిట్ పనిచేస్తుంది. గంట దాటితే ఆ నేల మీద ఆశ వదులుకోవాలి. ఎర్రచెల్కలో బతికిపోతాం, నల్లరేగడిలో కష్టం, అడుగు తవ్వగానే బండ తగిలే చోట మాట్లాడే పనే లేదు. మన దగ్గర మూడు నేలలకూ మందు ఒక్కటే: పైపును మోరీలోకి తిప్పడం. మోరీ నుంచి నాలా, నాలా నుంచి చెరువు. కాకతీయుల గొలుసుకట్టు విద్యను మనం ఆ మేరకు కాపాడుకుంటున్నాం.

ట్యాంకును మత్తడి దాకా నీళ్లతో నింపి, బొగ్గుతో గీత గీసి, ఇరవైనాలుగు గంటలు ఆగి చూడాలన్న పరీక్ష మాత్రం పూర్తిగా అనవసరం. నీళ్లు దిగాయనుకోండి, అప్పుడేం చేస్తారు? గృహప్రవేశానికి కార్డులు పంచేశారు గదా.

ఇక్కడ ఎగతాళి కాసేపు పక్కన పెట్టాలి. కొత్త ట్యాంకు మీద స్లాబు పోసి, వానకో క్యూరింగుకో లోపల నీళ్లు నిలిచి, వారాల తర్వాత సెంట్రింగ్ చెక్క విప్పడానికి మనిషిని దింపుతారు. "కొత్తదే గదా, ఇంక వాడనేలేదు" అంటారు. నానిన చెక్క కుళ్లి లోపలి ఆక్సిజన్‌ను తినేస్తుంది. దిగినవాడు కూలబడతాడు, తీయడానికి దిగిన రెండోవాడూ కూలబడతాడు. పాత ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. దాని మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది, వాసన లేదు గనక ప్రమాదం లేదనుకుంటాం. ముందే పోసుకున్న స్లాబు పలకలు పైన పరిస్తే సెంట్రింగ్ విప్పే పనే ఉండదు. రక్షణ ఏర్పాట్లు లేకుండా పాత ట్యాంకులోకి శుభ్రం చేయడానికి మనిషిని దింపడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, దింపించినవాళ్లకు మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు. చనిపోయినవారి కుటుంబానికి ముప్పై లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. పిలవాల్సింది ట్యాంకర్ బండిని, 14420 నంబరుకు ఫోన్ చేసి. ఆ పూడికను శుద్ధి చేయడానికి వరంగల్‌కు అమ్మవారిపేటలో కేంద్రం కూడా ఉంది.

బండి వస్తుంది. పైపు విప్పుతారు. డ్రైవరు ఇంటాయన కొడుకును అడుగుతాడు.

"మూత ఏడున్నది అన్నా?"

కొడుకు పార్కింగ్ టైల్సు కేసి చూస్తాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే తీరుగా, అతుకు కనబడకుండా పరిచిన టైల్సు. కారు ఒకటి వాటిమీద.

"నాయిన కట్టిచ్చిండు. వాయవ్యంలనే ఉంటది."

డ్రైవరు గడ్డపార తెమ్మంటాడు.