అవి పూజా విగ్రహాలు కావు, తూకపు రాళ్లు

పడుకున్న దూడ, ఎద్దు తల ఆకారాల్లో ఉన్న ప్రాచీన ఈజిప్టు కంచు బొమ్మలన్నిటినీ నేను చదివిన ఒక వ్యాసంలో పూజా విగ్రహాలుగా లెక్కేశారు. ఈజిప్టు చరిత్రలో కొత్త రాజ్యం అనే కాలం (సుమారు క్రీ.పూ. 1550–1070) నాటి ఇలాంటివి చాలావరకు త్రాసులో వేసే పడికట్టు రాళ్లే. బొమ్మను తిరగేసి చూడండి, అడుగున గుంట, అందులో సీసం కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

అప్పటి కొలత దెబెన్, దాదాపు 91 గ్రాములు. అందులో పదో వంతు కితె. మైనం అచ్చుతో (మైనపు బొమ్మకు మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోయడం, మన ఆదిలాబాద్ డోక్రా పద్ధతే) పోసిన బొమ్మ బరువు ఒక్కసారికే కచ్చితంగా రాదు. రెండు దెబెన్ల దూడ 182 బదులు 175 గ్రాములే తూగిందనుకోండి, గుంటలో 7 గ్రాముల సీసం పోస్తే సరి. అది ఒక కాబూలీ శనగగింజంత చోటు పడుతుంది, అంతే. సీసమే ఎందుకంటే 327 డిగ్రీలకే కరుగుతుంది, అంత వేడికి కంచు చెక్కుచెదరదు. బరువు ఎక్కువైతే ఆకురాయితో అరగదీయడమే. అందుకే తక్కువగా పోసి తర్వాత నింపుకోవడం తేలిక.

ఒక జాగ్రత్త. ఇప్పుడు వాటిని తూచి దెబెన్ విలువ తేల్చేయకూడదు. చిలుము పట్టి కొన్ని బరువెక్కాయి, గీకి శుభ్రం చేసినవి తగ్గాయి. లేత ఆకుపచ్చ పొడి రాలుతోందంటే లోపల క్లోరైడు లోహాన్ని తినేస్తోందన్నమాట. గాలిలో తేమ 40 శాతం లోపు ఉంచకపోతే అది ఆగదు.