డైస్ తర్వాత, ముందు ఏం చేస్తున్నావో చెప్పు

మా నల్లగొండలో టేబుల్‌టాప్ ఆర్‌పీజీ, అంటే టేబుల్ చుట్టూ కూర్చొని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాటలతో కథ నడిపే ఆట, ఆడేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులోనూ సగం మందికి ఒక పాడు అలవాటు పట్టుకుంది. క్యారెక్టర్ గదిలో అడుగు పెట్టిందో లేదో, 'అన్నా, పర్సెప్షన్ వేస్తున్నా' అంటారు, అంటే చుట్టూ ఏముందో కనిపెట్టే స్కిల్‌కు డైస్ వేస్తున్నామని. కథ నడిపే జీఎం (గేమ్ మాస్టర్) అడగకముందే ఇరవై ముఖాల డైస్ దొర్లుతుంది, ఒక్కోసారి మంచం కిందికి కూడా. ఎక్కడ చూస్తున్నావ్ తమ్మీ అంటే 'మొత్తం' అంటాడు. జీఎంలు ఏమన్నా తక్కువ తిన్నారా? తలుపు తీయాలన్నా చెక్ (పని అయిందో లేదో డైస్ వేసి తేల్చడం), మెట్లు ఎక్కాలన్నా చెక్.

ఈ మధ్య ఒక ఆటలో ప్లేయర్‌గా కూర్చున్నా. జీఎం కథను పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పెట్టాడు. వెళ్ళినవాళ్ళకు తెలుసు, అది త్రికూటాలయం (మూడు గర్భగుళ్ళ గుడి), ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా కదలని స్తంభం నీడ ఉంటుంది. కథలో ఆ నీడ గుట్టు పట్టుకుంటే తామ్రశాసనం దాచిన చోటు తెలుస్తుంది. మాలో కొత్తగా చేరిన పిల్లగాడు కాసేపు ఆలోచించి, 'అన్నా, నేను ఒక్కో స్తంభం కాడ గొంగడి అడ్డం పట్టుకొని నిలబడతా. లోపల ఒకరు నీడను చూస్తుండాలె. ఏది మూస్తే నీడ మారుతదో చూద్దాం' అన్నాడు. నాకైతే లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. జీఎం ఏమన్నాడు? 'ఇన్వెస్టిగేషన్ వెయ్.' పడింది 4. 'నీకేం అర్థం కాలేదు.'

అంతే. ఆ పిల్లగాడు మిగతా ఆటంతా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

అక్కడ డైస్‌కు పనేముంది? చేసిన ఉపాయం సరైనది, మళ్ళీ చేస్తే ఆపేవాడు లేడు. ఇలాంటి ఆటల్లో పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ 2014లో వచ్చింది. ఓడిపోయే అవకాశం ఉన్న పనికే చెక్ అడగమని, ఫలితం ఎటూ తేలనప్పుడే డైస్ మాట వినమని అందులో ఉంది. అది చదివే ఓపిక మనకు లేదు. కథ ముందుకు పోవడానికి తప్పనిసరైన ఆధారాన్ని డైస్ వెనక దాస్తే, అది పడనప్పుడు ఇరుక్కునేది జీఎమ్మే. ఈ బాధ పడలేకే కాబోలు, గేమ్ డిజైనర్ రాబిన్ లాస్ గమ్‌షూ అనే ఆట పద్ధతి తయారుచేశాడు. తగిన స్కిల్ ఉన్నవాడు తగిన చోట వెతికితే కీలకమైన ఆధారం దొరికి తీరుతుంది, రోల్ లేదు.

నేను జీఎంగా కూర్చుంటే ఒకటే చూస్తా. రోల్ అడిగే ముందు, పడకపోతే ఏమవుతుందో పైకి చెప్తా. చెప్పడానికి ఏమీ తోచలేదంటే ఆ రోల్ అక్కర్లేదన్నట్టే. దేవరకొండ కోటలో పాత తాళం ఉంది, దొంగ చేతిలో పనిముట్లున్నాయి, చుట్టుపక్కల పురుగు లేదు, తెల్లారేదాకా టైముంది. ఇంకేం, తాళం వచ్చేసింది. 2000లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ దీనికి లెక్క కూడా కట్టింది: 20 పడ్డట్టే అనుకో, ఇరవై రెట్లు టైమ్ పడుతుంది. అదే కావలివాళ్ళు కాగడాలతో మెట్లెక్కి వస్తుంటే వెయ్ డైస్. అప్పుడు టేబుల్ దగ్గర ఒక్కరు కూడా ఫోన్ ముట్టరు.

ఇక 'నేను కూడా వేస్తా' బ్యాచ్. ఒకడికి పడలేదని తెలియగానే మిగతా ముగ్గురూ డైస్ అందుకుంటారు. బోనస్ (స్కిల్ వల్ల డైస్‌కు కలిసే అంకె) లేకుండా డీసీ (పని కావాలంటే కనీసం రావాల్సిన అంకె) 15 అందుకునే అవకాశం ఒక్కడికి 30 శాతం. నలుగురూ వేస్తే ఎవరో ఒకరికి పడే అవకాశం 76 శాతానికి పోతుంది. కష్టమైన పని కాస్తా తేలికైపోయింది! చప్పుడు చేయకుండా దాటాల్సి వస్తే లెక్క తిరగబడుతుంది. ఒక్కొక్కరికీ 70 శాతం ఉన్నా నలుగురూ గట్టెక్కేది 24 శాతమే. అందుకే గ్రూప్ చెక్ పెట్టారు, సగం మందికి పడితే అందరూ దాటినట్టు. మావాళ్ళు దాన్ని వాడగా నేను చూడలేదు.

పర్సుయేషన్ (ఎదుటివాణ్ణి మాటలతో ఒప్పించే స్కిల్) దగ్గర మాత్రం నేను డైస్ పక్షమే. బాగా మాట్లాడేవాడికి రోల్ లేకుండా వదిలేసి, నోరు లేనివాణ్ణి డైలాగ్ చెప్పమని పీడించడం అన్యాయం. కత్తి తిప్పడం రాకపోయినా యోధుడిగా ఆడనిస్తున్నాం కదా, మాట దగ్గరే ఎందుకీ పట్టుదల? కాకపోతే రెండు అడుగుతా: వాడి నుంచి నీకేం కావాలి, వాడికి నువ్వేం ఇస్తున్నావ్? కోట తలుపు దగ్గరి కావలివాడికి బిడ్డ పెళ్ళి ఉందని ముందే తెలుసుకొని, 'పెళ్ళికి బియ్యం పంపిస్తా' అన్న అమ్మాయికి డీసీ తగ్గించాను. ఆమె డైలాగ్ చెప్పలేదు, మామూలు మాటల్లో చెప్పింది. ఊరికే 'పర్సుయేషన్' అని డైస్ విసిరినవాడికి 17 పడ్డా, కావలివాడు నవ్వుతూ మాట్లాడాడు గానీ తలుపు తీయలేదు.

చివరగా ఆ 20 పూనకం. 'రాజుగారిని రాజ్యం రాసివ్వమంటా' అని డైస్ వేస్తారు, 20 పడగానే ఇల్లు ఎగిరిపోయేలా అరుపులు. ఐదో ఎడిషన్‌లో 20 పడితే తప్పక గెలుపు అన్నది దాడి రోల్‌కే. స్కిల్ చెక్‌కు అది వర్తించదు, బోనస్ లేనివాడికి 20 పడ్డా డీసీ 25 దాటదు. అరిచినవాళ్ళను నేనేమీ అనను. దాటలేని చోట వాడితో డైస్ వేయించిందెవరు? జీఎం. ఎందుకు? మొహమాటం. 'కాదు' అని తను అనకుండా డైస్‌తో అనిపిద్దామనుకున్నాడు, అది కాస్తా 20 చూపించింది. 'రాజు ఇవ్వడు తమ్మీ, రాజ్యం ఆశ వదిలెయ్, మీ ఊరికి పన్ను మాఫీ అడిగి చూడు' అంటే సరిపోయేది. దానికి డైస్ వేయిస్తే టేబులంతా ఊపిరి బిగబట్టి చూసేది.