కాలిపోయిన ఏఎంఎఫ్ ప్యానెల్ గారికి అభినందనలతో

మహారాజశ్రీ ఏఎంఎఫ్ ప్యానెల్ గారి సన్నిధికి,

బరంపురం నుంచి ఒక చిన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు నమస్కరించి రాసుకున్నది. తమరు కాలిపోయారని కబురు తెలిసి చాలా సంతోషించాను. తమరిని మార్చడానికి ఇన్నాళ్లకు ఒక దారి దొరికింది.

ఆసుపత్రి పేరు రాయను. సైనిక ఆసుపత్రి, ఉప్పుగాలి తగిలే చోటు, గేటు దగ్గర ఫోను అప్పజెప్పి లోపలికి వెళ్లాలి. ఇంతవరకు చాలు. తమరి పూర్తి పేరు ఆటో మెయిన్స్ ఫెయిల్యూర్ ప్యానెల్. తమరి ఉద్యోగం ఏమిటో బయటివాళ్లకు తెలియదు కాబట్టి అది మాత్రం చెప్తాను. మెయిన్ కరెంటు పోయిందని రిలే పసిగట్టాలి. డీజీ సెట్‌కి, అంటే డీజిల్ జనరేటర్‌కి, స్టార్ట్ కొట్టాలి. మొదటిసారి అందుకోకపోతే మళ్లీ కొట్టాలి. వోల్టేజీ కుదురుకున్నాక లోడుని దాని మీదికి మార్చాలి. రెండు కరెంట్లూ ఎప్పుడూ కలవకుండా ఇంటర్‌లాక్ కాపలా కాయాలి. ఆసుపత్రిలో ముఖ్యమైన సేవలకు ఇదంతా 15 సెకన్లలో అయిపోవాలని అంతర్జాతీయ ప్రమాణం. ఆపరేషన్ థియేటర్ దీపానికైతే అర సెకనే గడువు, అది బ్యాటరీల వంతు. తమరిని అంత ఇబ్బంది ఎవరూ పెట్టలేదు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. బరంపురంలో మేం కరెంటు లేక, మోటారు ఆడక, బిందెలు పట్టుకుని తిరుగుతుంటే తమరు అక్కడ జనరేటర్‌ని సలక్షణంగా నడిపించారు. అప్పుడు వయసులో ఉన్నారు. తర్వాత ఉప్పు తన పని తాను చేసుకుపోయింది. కరెంటు మోసే రాగి పట్టీకి, అంటే బస్‌బార్‌కి, చిలుము పట్టింది. బోల్టులు వదులయ్యాయి. వదులైన జాయింటు వేడెక్కుతుంది, వేడెక్కిన జాయింటు ఇంకా వదులవుతుంది. దాని మీది ఇన్సులేషన్ స్లీవులు నల్లబడ్డాయి. లోడుని కలిపి విడదీసే అయస్కాంత స్విచ్, అదే కాంటాక్టరు, దాని ముఖానికి తుప్పు పట్టి, మూత తెరవకముందే తుమ్మెదలా రొద పెట్టేది.

సర్వీసింగ్‌కి వచ్చిన ప్రతిసారీ ఫొటోలు జతచేసి, మార్చాలని రాసిచ్చాను. ప్రతిసారీ ఒకటే రిమార్కు: ‘ప్రస్తుతం పనిచేస్తోంది.’ మా బరంపురం ఠాకురాణి జాతరలో అమ్మవారు రెండేళ్లకొకసారి పుట్టింటికి వస్తుంది. నా ప్రపోజల్ ఏటా వచ్చేసేది, సారె కూడా లేకుండా.

ఇందులో అధికారులను అనడానికేం లేదు. పనిచేస్తున్న వస్తువుని ఎందుకు మార్చావని ఆడిట్ అడుగుతుంది. కాలిపోయినదాన్ని ఎందుకు మార్చావని ఏ ఆడిటూ అడగదు. పెన్షన్ దగ్గరపడ్డ మనిషి ఈ రెండింట్లో దేన్ని ఎంచుకుంటాడు? నేనైనా అదే చేస్తాను. తమరే కాస్త ముందుగా అర్థం చేసుకుని ఉండాల్సింది. అలా రొద పెడుతూ, సెగలు కక్కుతూ, డ్యూటీ మాత్రం మానకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చారు చూశారా, తమరి ఫైలుని చెడగొట్టింది అదే.

కాలిన మర్నాడు ఎంక్వైరీ జరిగింది. లోపల ఒక బల్లి దొరికింది. ఇక కారణం కోసం వెతకాల్సిన పని లేకపోయింది. చిలుము, వదులు జాయింట్లు, పాత ఫొటోలు అన్నీ పక్కకి తప్పుకుని బల్లికి దారిచ్చాయి. బల్లి తల మీద పడితే ఏం జరుగుతుందో, భుజం మీద పడితే ఏం జరుగుతుందో మన పంచాంగంలో వివరంగా ఉంది గాని, బస్‌బార్ మీద పడితే ఫలమేమిటో రాయలేదు. ఇప్పుడు తెలిసింది: నూతన వస్తు ప్రాప్తి. బల్లికి మాత్రం కలిసిరాలేదు.

అత్యవసరమన్నాక పరుగులే అనుకున్నాను. అత్యవసరమైతే, కారణం రాతపూర్వకంగా పెట్టి, పై అధికారి అనుమతితో ఒక్కరి దగ్గరే కొనవచ్చని 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 166వ నిబంధన చెప్తోంది. నిబంధన బాగానే ఉంది. ఆ కారణం కింద సంతకం పెట్టే చెయ్యే దొరకలేదు. అందుకని అందరికీ క్షేమంగా ఉండేట్టు ఓపెన్ టెండరు పిలిచారు, పైన ‘మోస్ట్ అర్జెంట్’ అని అచ్చువేసి. మూడేళ్ల టర్నోవర్, అనుభవం సర్టిఫికెట్, ఈఎమ్‌డీ అనే ముందస్తు డిపాజిట్, అన్నీ మామూలే. చాలినన్ని బిడ్లు రాలేదని కోరిజెండమ్, అంటే సవరణ ప్రకటన, వేసి గడువు పెంచారు. తర్వాత స్పెసిఫికేషన్‌లో ఆంపియర్ల అంకె తప్పు పడిందని ఇంకో కోరిజెండమ్. అర్జెంటు పనికి గడువు పెంచడం ఒక కళ. మావంటివాళ్లకు అది చేతకాదు.

ఈలోగా తమరి కుర్చీలో ఎవరు కూర్చున్నారో తెలుసా? శ్రీకాకుళం వైపు కుర్రాడు, కొత్త సిపాయి. అద్దె జనరేటర్ తెప్పించి, చేత్తో తిప్పే చేంజోవర్ స్విచ్ బిగించి, దాని పక్కన స్టూలేసి కూర్చోబెట్టారు. రికార్డులో మాత్రం ‘ప్రత్యామ్నాయ ఏర్పాటు సంతృప్తికరం’. నిజం చెప్పాలంటే తమరికన్నా నమ్మకస్తుడు.

“రాత్రి నిద్రొచ్చేస్తే ఎలాగ తమ్ముడూ?” అని అడిగాను.

“కరెంటు పోతే ఫ్యాను ఆగిపోద్ది అన్నియ్యా. ఫ్యాను ఆగితే దోమలు పీక్కు తినేస్తాయి. అవే లేపుతాయి, ఏటి టెన్షన్?” అన్నాడు.

సెన్సింగ్ రిలే స్థానంలో దోమ. ఏ కేటలాగులోనూ దొరకదు, కోరిజెండమూ అక్కర్లేదు.

తమరి విషయానికి వస్తే, బోర్డు కూర్చుని తమరిని బీఈఆర్ చేసింది, అంటే రిపేరు దండగ అని తేల్చింది. బూడిదైన మీదట ఆ సంగతి సర్టిఫై చేయడానికి ముగ్గురి సంతకాలు పడ్డాయి. త్వరలో స్క్రాప్ వేలానికి వెళ్తారు. రాగికి మంచి ధర ఉంది, తమరికి పనిలో ఉన్నప్పుడు దొరకని విలువ అక్కడ దొరుకుతుంది.

వెళ్లేముందు ఒక్క ఉపకారం చేసిపెట్టండి. తమరి గోడ అవతల ట్రాన్స్‌ఫార్మర్ ఉంది కదా, అది గాలి పీల్చుకునే బ్రీదర్‌లో తేమని పట్టే సిలికాజెల్ నీలం పోయి పూర్తిగా గులాబీ రంగుకి తిరిగింది. లోపలికి తేమ వెళ్తోంది. నూనె పరీక్ష చేయించాలని రాసిచ్చాను, రిమార్కు ఏమొచ్చిందో తమరికి చెప్పనక్కర్లేదు. అది తమరి మాటైతే వింటుంది. ఎలాగూ కాలిపోక తప్పదంటే పగటిపూట, థియేటర్ ఖాళీగా ఉన్నప్పుడు, తుఫానుల కాలం రాకముందు కాలిపొమ్మనండి. ముఖ్యంగా మార్చి 31 దాటనివ్వొద్దనండి, ఈ ఏడాది ఫండ్స్ ఇంకా కొంచెం మిగిలి ఉన్నాయట.

ఇట్లు,
తమరి వైర్ల కొసల లగ్గులు బిగించీ బిగించీ చేతులు కాల్చుకున్న
బరంపురం కాంట్రాక్టరు