ఓర్పు నేర్పే కథలని ఎవరన్నారు?

నల్లజాతి స్త్రీల షార్ట్ ఫిల్మ్‌ల మీద ఒక మెసేజ్ మా సినిమా గ్రూపుల్లో ఆగకుండా తిరుగుతోంది. పంపిన వాళ్లలో ఒక్కరైనా వాటిలో ఒక్కటి చూసి ఉంటారని నాకు నమ్మకం లేదు. అందులో ఉన్నది ఇదీ: ఇవన్నీ 2020లో అమెరికాలో నల్లజాతివారి కోసం సాగిన ఉద్యమం తర్వాత పుట్టిన ఫ్యాషన్. షార్ట్ ఫిల్మ్ అంటే పెద్ద సినిమా అవకాశం కోసం చూపించే విజిటింగ్ కార్డ్ మాత్రమే. మగవాళ్లూ ఇలాంటివి బాగానే తీశారు. చివరగా, ‘నల్లజాతి స్త్రీ ఎంత బాధైనా ఓర్చుకుంటుంది, మన ఆడపిల్లలు చూసి నేర్చుకోవాలి’.

ఫ్యాషన్ అట! నల్లజాతి దర్శకురాలు జూలీ డ్యాష్ ‘ఇల్యూజన్స్’ అనే షార్ట్ ఫిల్మ్ తీసింది 1982లో.

విజిటింగ్ కార్డ్ మాటకొస్తే, ఆ సినిమా నిడివి 34 నిమిషాలు. 1942 నాటి హాలీవుడ్ స్టూడియో. రికార్డింగ్ గదిలో ఒక నల్లజాతి గాయని, తెర మీద తెల్ల నటి పెదవుల కదలిక చూస్తూ, వాటికి అతికేలా పాడుతుంది. గొంతు ఈమెది, పేరు ఆమెది. దీన్ని రెండున్నర గంటలు సాగదీస్తే కొత్తగా ఏం తెలుస్తుంది?

నన్ను మండించింది ఓర్పు మాట. 1982లోనే నల్లజాతి దర్శకురాలు కమిల్ బిల్లప్స్, జేమ్స్ హ్యాచ్‌తో కలిసి ‘సుజాన్, సుజాన్’ అనే డాక్యుమెంటరీ తీసింది. తండ్రి చేతిలో దెబ్బలు తిని, హెరాయిన్‌కి అలవాటుపడి బయటపడ్డ కూతురు తల్లిని ఆ రోజుల గురించి అడుగుతుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు, కెమెరా వైపే చూస్తుంటారు. తననూ కొట్టేవాడని తల్లి అప్పుడు చెబుతుంది. ఇందులో నేర్చుకోవాల్సింది ఓర్పా? నోరు మూసుకుని ఓర్చుకున్నందుకు ఆ ఇల్లు ఏమైందో అక్కడే కనిపిస్తోంది కదా!

‘వాళ్లు ఓర్చుకుంటారు’ అన్న మాటకి పాత చరిత్ర ఉంది. 1840లలో అలబామాలో మేరియన్ సిమ్స్ అనే డాక్టర్ అనార్కా, లూసీ, బెట్సీ అనే బానిస స్త్రీలకు మత్తు ఇవ్వకుండా మళ్లీ మళ్లీ ఆపరేషన్లు చేశాడు. ఆ ముగ్గురూ మీకు ఓర్పుకి ఆదర్శమా? నల్లవాళ్ల చర్మం మందమని నమ్మే వైద్య విద్యార్థులు 2016లో కూడా వర్జీనియా విశ్వవిద్యాలయ అధ్యయనంలో బయటపడ్డారు. 2021లో అమెరికాలో ప్రతి లక్ష జననాలకు చనిపోయిన తల్లులు తెల్లవారిలో 26.6, నల్లజాతిలో 69.9. నొప్పి అని చెప్పినా ‘ఆమె తట్టుకుంటుందిలే’ అనుకునే చోట ఆ మెచ్చుకోలు ప్రాణాల మీదికి తెస్తుంది.

మగవాళ్లూ బాగా తీశారన్నది మాత్రం నేనూ ఒప్పుకుంటాను. కూతురి జుట్టు దువ్వడానికి నాన్న పడే తంటాలతో దర్శకుడు మాథ్యూ చెర్రీ బృందం తీసిన ‘హెయిర్ లవ్’ అనే షార్ట్ ఫిల్మ్‌కి 2020లో ఆస్కార్ వచ్చింది. అది నాకు చాలా ఇష్టం. ఆ ఒక్క పాయింట్ ఉంచి మిగతావి తీసేయండి, నేనూ ఫార్వర్డ్ చేస్తాను.