అంట్లు పేరుకుపోతే అది బద్ధకమేనా?

కుంగుబాటుతో ఒంటరిగా ఉంటున్నవాళ్ళకి వాట్సాప్‌లో తరచూ వచ్చే హితబోధ ఒకటుంది. సారాంశం ఇది: ఇల్లు చెత్తగా ఉందంటే బద్ధకమే కారణం. గట్టిగా అనుకుంటే ఉత్సాహం దానంతటదే వస్తుంది. ఒక్క ఆదివారం ఇల్లంతా దులిపేస్తే సగం జబ్బు పోతుంది. సొంతిల్లు ఊడ్చుకోవడానికి సాయం అడగడం సిగ్గుచేటు. అసలే తమని తాము తిట్టుకుంటున్నవాళ్ళ చేతికి ఇది ఇంకో కర్ర అందిస్తుంది. అందుకే ఒక్కో మాటకీ జవాబు చెప్పాలి.

బద్ధకం సంగతి ముందు. బద్ధకస్తుడు పని ఎగ్గొట్టి ఆ పూట హాయిగా గడుపుతాడు. కుంగుబాటులో ఉన్న మనిషికి ఆ హాయి ఉండదు. సింకు వైపు చూస్తూ, లేవలేక, లేవలేకపోయినందుకు కుమిలిపోతూ పూటంతా అలసిపోతాడు. రెండు వారాలూ ఆపైన సాగే నీరసం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ధ్యాస నిలవకపోవడం, కదలికలే నెమ్మదించడం వైద్యులు ఈ జబ్బు లక్షణాలుగా లెక్కలోకి తీసుకునేవే. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 లోపం కూడా ఇలాగే ఒళ్ళు లేవనివ్వవు. అవి రక్తపరీక్షలో బయటపడతాయి, తిట్లతో కాదు.

ఉత్సాహం వచ్చాక పని అన్నది తలకిందుల లెక్క. 1970లలో పీటర్ లెవిన్‌సన్ వంటి మనస్తత్వవేత్తల కృషితో రూపుకట్టిన ‘బిహేవియరల్ యాక్టివేషన్’ చికిత్సకు మూలసూత్రమే ఇందుకు వ్యతిరేకం: ముందు చిన్న పని, దాని వెనక కాస్త తేలిక, ఆ తర్వాతే ఇష్టం. చిన్న పని అంటే నిజంగా చిన్నదే. ‘అంట్లు తోమాలి’ అనుకుంటే అందులో సింకు ఖాళీ చేయడం, ఎండిన మెతుకులు గీకడం, నిండిన చెత్త కవరు మార్చడం అన్నీ దాగి ఉంటాయి. ‘బాత్రూంకి వెళ్తూ ఒక గ్లాసు సింకులో పెట్టాలి’ అనుకుంటే ఒకటే పని. ఇది కుదిరాక ఫోనులో ఐదు నిమిషాలకి అలారం పెట్టుకోండి. మొదటి వారం గంట మోగగానే ఆపేయండి, ఇంకా చేయాలనిపించినా సరే. ఒకరోజు నలభై నిమిషాలు లాగితే, మర్నాడు ఐదు నిమిషాలన్నా మనసు నలభైకి భయపడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఆదివారం సలహా. బీరువాలో బట్టలన్నీ మంచం మీద కుప్ప పోస్తారు. గంటన్నరకి ఓపిక అయిపోతుంది. రాత్రికి పడుకోవడానికి చోటుండదు, కుప్పలో సగం నేల మీదికి చేరుతుంది, మళ్ళీ చీపురు పట్టడానికి వారాలు పడుతుంది. ఒక్కరోజులో తెల్లగా చేయాలన్న తొందరలో బాత్రూంలో యాసిడ్ పోసి, దానిమీదే బ్లీచింగ్ పౌడర్ చల్లేవాళ్ళున్నారు. వాటి కలయికలో క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో ఇది ప్రాణాపాయం. ఇంకో మాట: బైపోలార్ (కుంగుబాటూ, అతి ఉత్సాహమూ మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉన్నవారికి నిద్ర అవసరమే లేనట్టుగా రాత్రంతా ఇల్లు కడగాలన్న ఊపు వస్తే, దాన్ని బాగుపడటం అనుకోకుండా డాక్టరుకి చెప్పాలి.

ఇల్లంతా కాదు, కుళ్ళేవి ముందు. దుమ్ము పది రోజులు ఆగుతుంది, అట్టపెట్టెలు నెలైనా ఆగుతాయి. కూరగాయ తొక్కలు, మిగిలిన అన్నం ఎండాకాలంలో ఒక్కరోజూ ఆగవు. పెద్ద చెత్తబుట్ట పక్కనబెట్టి, వాటికోసం తలుపు గడియకి చిన్న కవరు తగిలించండి. సగమే నిండినా ముడివేసి, పాలకో మందులకో దిగేటప్పుడు పట్టుకెళ్ళండి. తర్వాత అంట్లు: ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా, ఒక గిన్నె మాత్రం బయట ఉంచి మిగతావి అట్టపెట్టెలో సర్దేస్తే సింకు నిండే అవకాశమే ఉండదు. ఎండిన గిన్నెలో వేడినీళ్ళు పోసి పావుగంట వదిలితే చాలు. రాత్రంతా నానబెడితే వాసన, బొద్దింకలు. మూడోది నిల్వ నీళ్ళు. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి కూలర్, బకెట్ వారానికొకసారి వంచేసి లోపలి గోడలు రుద్దాలి. బట్టలు మడతపెట్టక్కర్లేదు, ఉతికినవి ఒక సంచి, విడిచినవి ఒక సంచి. ఉతికే గంట వచ్చేదాకా నానబెట్టొద్దు. మర్చిపోయిన బకెట్ రెండోరోజుకి కంపు కొట్టి మరో పని తెచ్చిపెడుతుంది. ఊడవడం మంచం నుంచి బాత్రూం, పొయ్యి, గుమ్మం దాకా నడిచే దారి వరకే.

ఇల్లు శుభ్రమైతే ఊపిరి తేలికపడుతుంది, నిజమే. కానీ చీపురు మందుకి బదులు కాదు. డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలవడానికే సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మందువల్ల పగలు మత్తుగా ఉంటే మానేయకండి, వేసుకునే వేళ మార్చవచ్చేమో డాక్టరుని అడగండి.

సాయం అడగడంలో సిగ్గేమీ లేదు. పనిమనిషిని నెలకి కాకుండా ఒక్కపూటకి పిలిచి, అంట్లూ బాత్రూమూ మాత్రం అప్పగించవచ్చు. స్నేహితుల్ని పని చేయమనక్కర్లేదు, పావుగంట వీడియో కాల్‌లో తోడుండమంటే చాలు. 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఇల్లు సంగతి వదిలేసి ముందు ఈ ఫోనే చేయండి. డాక్టరు దగ్గర ‘మనసు బాగోలేదు’ అని ఆపేయొద్దు. ‘మూడు వారాలుగా గిన్నె తోమలేదు, స్నానం వారానికి రెండుసార్లే’ అని లెక్కతో చెప్పండి. జబ్బు ఎంత ముదిరిందో వాళ్ళకి అందులోంచే తెలుస్తుంది.