గడిలో "250 రూ." అని కొట్టకండి బాబూ!

గూగుల్ షీట్స్‌లో అరువుల పద్దు రాసుకుంటే షీటు తప్పు లెక్క చూపిస్తోందని ఒకటే గోల. ముందు గడిలో ఏం కొట్టారో చూసుకోండి! "250 రూ." అని రాస్తే గూగుల్ షీట్స్‌కి అది అంకె కాదు, ఉత్త మాట. మొత్తం కూడే సమ్ (SUM) ఫార్ములా దాన్ని కలపదు, తప్పని చెప్పనూ చెప్పదు. కిమ్మనకుండా దాటేస్తుంది. అంకె కుడివైపు ఆనుకుంటుంది, మాట ఎడమవైపు. దొంగ అక్కడే దొరుకుతాడు. 250 మాత్రమే కొట్టి, రూపాయి గుర్తు ఫార్మాట్‌లో పెట్టుకోండి.

తేదీలది ఇంకో తలనొప్పి. లొకేల్, అంటే షీటు ఏ దేశం పద్ధతిలో తేదీ చదవాలో చెప్పే సెట్టింగ్, అమెరికాలో ఉంటే 05/06/2025 కాస్తా మే 6 అయిపోతుంది, 13/06/2025 మాటగా మిగిలిపోతుంది. జూన్ అరువులు మే పద్దులో తేలతాయి! ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కి వెళ్లి లొకేల్‌ని ఇండియా చేయండి. మొదటి పద్దు రాయకముందే మార్చాలి. తర్వాత మారిస్తే పాత తేదీలు తిరగబడవు, ఒక్కొక్కటీ కూర్చుని దిద్దుకోవాల్సిందే.